కందులకూ కందిపప్పుకూ మధ్య డబ్బు ఎక్కడ పోతోంది? నెల్లూరు, ప్రకాశంలో మిల్లు వ్యాపారం లెక్క

పొదిలిలోనో కనిగిరిలోనో రైతు కందులు అమ్మిన ధర ఒకటి. అదే ఊళ్లో కిరాణా కొట్టులో అతను కందిపప్పు కొనే ధర ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ముందు తట్టేది ఒకటే: మధ్యలో మిల్లువాడు బాగా మిగుల్చుకుంటున్నాడు, ఆ మిల్లేదో మనమే పెట్టుకుంటే పోలా? నెల్లూరు డెల్టాలో వడ్ల గురించి కూడా ఇదే మాట వినిపిస్తుంది. దీనికి తోడు 35 శాతం సబ్సిడీ ఇస్తారన్న కబురు చెవిన పడితే ఆలోచన కాస్తా ప్రాజెక్టు రిపోర్టు దాకా పోతుంది.

ధరల్లో తేడా ఉన్నమాట నిజమే. అది లాభమా కాదా అన్నది మాత్రం కాగితం మీద విడదీసి చూస్తేగానీ తేలదు. చాలామంది లెక్క మిషను ధర దగ్గర మొదలై మిషను ధర దగ్గరే ఆగిపోతుంది. ఈ వ్యాపారంలో మిషను చిన్న ఖర్చు.

ఒకే పేరుతో మూడు వేర్వేరు వ్యాపారాలు

మిల్లు పెడుతున్నానని ఒక మనిషి చెబితే, దాని వెనక మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది.

మొదటిది కూలికి ఆడించే మిల్లు. రైతు తన గింజలు తెచ్చుకుంటాడు, మిల్లు పప్పో బియ్యమో చేసి ఇస్తుంది, క్వింటాలుకు ఇంతని తీసుకుంటుంది. కొన్నిచోట్ల తవుడూ పొట్టూ మిల్లుకే వదిలేస్తారు. సరుకు మనది కాదు కాబట్టి ధర పడిపోయినా మనకు టెన్షన్ లేదు. కానీ పంట చేతికొచ్చే రెండు మూడు నెలలు తప్ప మిగతా ఏడాదంతా పని పలచగా ఉంటుంది.

రెండోది సొంత సరుకు మిల్లు. పంట కాలంలో గింజలు కొని, గోడౌనులో పెట్టి, ఏడాది పొడవునా ఆడించి, హోల్‌సేల్ కొట్లకు గోతాల లెక్కన అమ్మడం. మన ప్రాంతంలో పెద్ద మిల్లులు చేసేది ఎక్కువగా ఇదే.

మూడోది ప్యాకెట్ వ్యాపారం. సొంత పేరు, అచ్చేసిన కవరు, అర కిలో, కిలో, ఐదు కిలోల ప్యాకింగు. ఇందులో మిల్లు ఆడించడం సగం పనే. దుకాణదారుకు అప్పు ఇవ్వడం, అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకోవడం, రవాణా, ప్రచారం మిగతా సగం. అసలు మిల్లే లేకుండా, ఆడించిన పప్పు కొని ప్యాక్ చేసేవాళ్లూ ఉన్నారు.

ఈ మూడింటికీ మిషన్లు దాదాపు ఒకటే కావచ్చు, పెట్టుబడి స్వభావం మాత్రం వేరు. ఇద్దరు మిల్లువాళ్లలో ఒకరు లాభమంటే ఇంకొకరు నష్టమంటే, చాలాసార్లు వాళ్లు రెండు వేర్వేరు వ్యాపారాల గురించి మాట్లాడుతున్నారని అర్థం.

ఒక క్వింటాలు కందుల కథ

2025-26 సీజనుకు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. మార్కెట్ ధర దీనికి పైనా కిందా ఉంటుంది, లెక్క తేలిగ్గా ఉంటుందని దీన్నే తీసుకుందాం. మిగతా ధరలన్నీ ఉదాహరణకు వేసుకున్నవే, ఎవరి ఊరి ధరలతో వాళ్లు మార్చుకోవచ్చు.

కంది గింజలో పప్పు భాగం బరువులో సుమారు 85 శాతం. మిగతాది పొట్టు. అలాగని మిల్లులో 85 కిలోలు చేతికి రావు. పొట్టు ఊడేటప్పుడు పప్పు అంచులు అరిగి పిండి అవుతుంది, కొంత ముక్కలవుతుంది, ఎండబెట్టినప్పుడు తేమ పోతుంది. పాత పద్ధతుల్లో 70 కిలోల చుట్టూ వస్తే, మంచి మిషన్లున్న మిల్లులో 75 దాటుతుంది. మన మిల్లు కొత్తది, పనివాళ్లు ఇంకా చెయ్యి తిరగనివాళ్లు అనుకుని 70 దగ్గర మొదలుపెడదాం.

పప్పు 70 కిలోలు, కిలో 115 చొప్పున 8,050. నూకపప్పు 6 కిలోలు, కిలో 60 చొప్పున 360. పశువుల దాణాకు పోయే పొట్టూ పొడీ 20 కిలోలు, కిలో 20 చొప్పున 400. మిగతా 4 కిలోలు తేమ, దుమ్ము, మట్టి. మొత్తం రాబడి 8,810. అంటే కొన్న ధర మీద 810 రూపాయలు.

కిరాణా కొట్టు ధరతో పోల్చినప్పుడు కిలోకు ముప్ఫై నలభై కనిపించిన తేడా, ఇక్కడికొచ్చేసరికి క్వింటాలుకు 810 అయింది. ఎందుకంటే 80 రూపాయలకు కొన్న కిలో కందుల్లో పప్పు 700 గ్రాములే. ఒక్క కిలో పప్పు కావాలంటే సుమారు కిలో 430 గ్రాముల కందులు పెట్టాలి, వాటి ఖరీదే 114 రూపాయలు. చాలామంది నోటి లెక్క తప్పేది ఇక్కడే.

ఈ 810లోంచి రవాణా, హమాలీ 140, గోతాలు 60, కరెంటు 90, కూలీ 160, పప్పుకు పట్టించే నూనె 40, మార్కెట్ సెస్సు ఒక శాతం లెక్కన 80 తీసేస్తే, 570 పోయి 240 మిగులుతాయి. కొన్న కందులు సగటున మూడు నెలలు గోడౌనులో ఉన్నాయనుకోండి. 12 శాతం వడ్డీకి 8,000 మీద మూడు నెలలకు 240 రూపాయలు. మిగిలింది సున్నా.

ఇప్పుడు ఒక్క అంకె మార్చి చూద్దాం. పప్పు 70 బదులు 72 కిలోలు వచ్చింది, పొట్టూ పొడీ 18కి తగ్గింది. పప్పు మీద 230 పెరిగి, దాణా మీద 40 తగ్గి, నికరంగా 190 వచ్చినట్టు. రెండు కిలోల తేడా ఒక మిల్లును నిలబెట్టగలదు. అనుభవమున్న మిల్లర్లు ధర గురించి మాట్లాడినంతగానే దిగుబడి శాతం గురించి మాట్లాడటం అందుకే.

ఏ గింజ ఎంత మొండిది

ఆ రెండు కిలోలు మిషను మీదే కాదు, గింజ మీద కూడా ఆధారపడి ఉంటాయి. పప్పుకూ పొట్టుకూ మధ్య జిగురు పొర ఒకటి ఉంటుంది. కందిలో ఆ పట్టు గట్టిది. అందుకే మిల్లులో ముందు ఎమెరీ రోలరు (గరుకు పూత ఉన్న రోలరు) మీద గింజ పైపొర గీకుతారు, నూనె పట్టిస్తారు, ఒక రాత్రి గుట్ట పోస్తారు, ఎండబెడతారు, నీళ్లు చల్లి మళ్లీ ఆరబెడతారు. ఇదంతా ఆ జిగురు వదలడానికే. వెనక ఇళ్లలో కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి తిరగలిలో విసిరేవాళ్లు, దాని ఉద్దేశమూ ఇదే.

ఈ పనికి ఎండ కావాలి. నెల్లూరు తీరానికి వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కళ్లం మీద పప్పు ఆరబెట్టుకోవడం దినదిన గండం. అక్కడ డ్రయ్యరు లేని పప్పు మిల్లు ఏడాదిలో కొన్ని వారాలు మూతపడక తప్పదు. మార్కాపురం, గిద్దలూరు వైపు పొడి వాతావరణం ఈ విషయంలో కలిసొస్తుంది, పైగా కంది పండేదీ ఆ చుట్టుపక్కలే. మెట్టప్రాంతం వెనకబాటు గురించి ఎప్పుడూ వింటుంటాం కానీ, పప్పు మిల్లుకు మాత్రం ఆ ఎండే పెట్టుబడి.

మినుముల్లో జిగురు ఇంకా ఎక్కువ. పైగా మార్కెట్ అడిగేది పప్పు బద్దలను కాదు, పొట్టు తీసిన మినపగుండ్లను. గింజ విరక్కుండా పొట్టు మాత్రమే ఊడాలి. గుండుకూ బద్దకూ ధరలో తేడా ఉంటుంది. ఇడ్లీ పిండి రుబ్బాక గుండేదో బద్దేదో ఎవరికీ తెలియదు, అయినా కొనేవాళ్లు గుండ్లే అడుగుతారు.

శనగ వీటన్నిటికంటే నెమ్మదైనది. పొట్టు తేలిగ్గా వస్తుంది, పైగా అమ్ముకునే దారులు ఎక్కువ: శనగపప్పు, శనగపిండి, పుట్నాలు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగళ్లలో పండే కాబూలీ శనగలకైతే మిల్లే అక్కర్లేదు. శుభ్రం చేసి, రాళ్లు తీసి, సైజుల వారీగా జల్లెడ పట్టి వేరు చేస్తే చాలు, పెద్ద గింజకు ధర విడిగా పలుకుతుంది. ప్రాసెసింగ్ అంటే ఆడించడమే అనుకునేవాళ్లు ఈ గ్రేడింగ్ పనిని లెక్కలోకి తీసుకోరు. నా ఉద్దేశంలో చిన్న పెట్టుబడికి ఈ ప్రాంతంలో దగ్గరి దారి ఇదే. శనగలు కోల్డ్ స్టోరేజీల్లో పెట్టుకుని ధర కోసం చూసే అలవాటు కూడా ఇక్కడి రైతులకు ఉంది కాబట్టి సరుకు పంట నెలల్లోనే అయిపోదు.

కొర్ర, వరిగ లాంటి చిరుధాన్యాలకు పట్టణాల్లో గిరాకీ పెరిగింది. కానీ గింజ సైజు బాగా చిన్నది, వరి మిషన్లో పోస్తే పని కాదు, వేరే మిషన్లు కావాలి. సజ్జపిండికి ఇంకో చిక్కు. అందులో కొవ్వు వల్ల త్వరగా చేదెక్కుతుంది, కొట్టులో నెలల తరబడి ఉంచే సరుకు కాదు.

పుట్టి వడ్లకు ఎన్ని బియ్యం

నెల్లూరులో వడ్ల లెక్క పుట్టిలో నడుస్తుంది. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369, ఏ గ్రేడుకు 2,389. ఆ లెక్కన సాధారణ రకం పుట్టి 20,136 రూపాయల చిల్లర.

ఈ పుట్టిని ఆడిస్తే వచ్చేవి రమారమి ఇలా ఉంటాయి: బియ్యం మొత్తం 67 శాతం, అంటే 570 కిలోలు. ఊక 20 శాతం, 170 కిలోలు. తవుడు 7 శాతం, 60 కిలోలు. మిగతాది తాలు, దుమ్ము, తేమ. ఇప్పుడు ఆ 570 కిలోల్లో ఎన్ని నిండు గింజలు, ఎన్ని నూకలు అన్నదే అసలు ప్రశ్న. బాగా ఆరిన వడ్లయితే నిండు బియ్యం 55 శాతం, నూకలు 12 శాతం వచ్చాయనుకుందాం. సరిగా ఆరని వడ్లలో నిండు బియ్యం 48కి పడిపోయి నూకలు 19కి పెరిగాయనుకుందాం. మొత్తం బియ్యం రెండు చోట్లా 67 శాతమే. కానీ దాదాపు 60 కిలోల నిండు బియ్యం నూకలైంది. నిండు బియ్యం కిలో 45, నూకలు 24 అనుకుంటే పుట్టికి సుమారు 1,250 రూపాయలు పోయినట్టు.

గింజ విరగడానికి కారణం ఎక్కువసార్లు మిల్లు కాదు, పొలం. కోత మిషనుతో కోసిన వడ్లలో తేమ 20 శాతం దాటి ఉండొచ్చు. రోడ్డు మీద పలచగా పోసి ఒక్కసారిగా ఎండబెడితే గింజ లోపల పగులుతుంది. రాత్రి మంచుకు తడిసి పగలు మళ్లీ ఎండితే ఇంకా పగులుతుంది. ఆ పగులు పైకి కనిపించదు, పాలిష్ పట్టేటప్పుడు బయటపడుతుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ పరిమితి 17 శాతం, నెలల తరబడి నిల్వ పెట్టాలంటే 14కి తగ్గాలి. ఎడగారు (రెండో కారు) పంట కోతలు వానల్లో పడినప్పుడు రైతుకూ మిల్లరుకూ తరుగు దగ్గర గొడవ వచ్చేది ఈ మూడు శాతం మీదే. రైతు దాన్ని దోపిడీ అంటాడు, మిల్లరు నీళ్లకు డబ్బులివ్వలేనంటాడు. కాటా దగ్గరే ఇద్దరి కళ్ల ముందు తేమ మీటరు పెడితే ఈ గొడవ సగం తగ్గుతుందని నాకనిపిస్తుంది. మిగతా సగం మీటరు సరిగ్గా చూపిస్తోందా అన్నదాని మీద నడుస్తుంది.

తవుడు సంగతీ చెప్పాలి. రబ్బరు రోలర్ల మిల్లులో ఊక ముందే విడిపోతుంది కాబట్టి తవుడు శుభ్రంగా వస్తుంది, నూనె మిల్లులు కొంటాయి. ఊకా తవుడూ ఒకేసారి తీసే పాత హల్లరు మిల్లులో ఊకపొడి కలిసిన తవుడు వస్తుంది, అది దాణాకే పనికొస్తుంది. శుభ్రమైన తవుడు కూడా నిల్వ ఉంటే పాడైపోతుంది. మిల్లులోంచి బయటపడిన గంటల్లోనే అందులోని కొవ్వు విరగడం మొదలై నూనె నాణ్యత పడిపోతుంది. నూనె మిల్లు దగ్గర్లో ఉన్నవాడికి ఉన్న లాభం దూరంగా ఉన్నవాడికి లేనిది అందుకే.

ప్రభుత్వానికి ఆడించడం: భద్రమా, బందీయా

బియ్యం మిల్లులకు ఇంకో దారి ఉంది. ప్రభుత్వం రైతుల దగ్గర కొన్న వడ్లను మిల్లుకు ఇస్తుంది, మిల్లు బియ్యం చేసి తిరిగి ఇస్తుంది. దీన్నే సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్) అంటారు. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి. ఆడించినందుకు కూలి ఇస్తారు, తవుడు, ఊక, పైన మిగిలే నూకలు మిల్లువే.

దీన్ని సమర్థించేవాళ్ల మాట: సరుకు కొనడానికి కోట్లు పెట్టక్కర్లేదు, ధర పడుతుందన్న భయం లేదు, మిషను ఖాళీగా ఉండదు. వద్దనేవాళ్ల మాట: బ్యాంకు గ్యారంటీ కట్టాలి, గడువులోగా బియ్యం అప్పజెప్పాలి, వడ్లు విరిగే రకమైతే 67 రాబట్టడం మిల్లు తలనొప్పి, కూలి బకాయిలు ఎప్పుడొస్తాయో తెలియదు. విధానం మారితే మిషన్లూ మారాలి. రేషను బియ్యంలో నూటికి ఒక వంతు ఫోర్టిఫైడ్ (పోషకాలు చేర్చిన) గింజలు కలపాలన్నప్పుడు మిల్లులు బ్లెండర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. రెండు మాటలూ నిజమే. పెట్టుబడి తక్కువ ఉన్నవాడికి మొదటిది ఎక్కువ నిజం, సొంత గిరాకీ ఉన్నవాడికి రెండోది.

26 కిలోల బస్తా వెనక

బియ్యం బస్తా 25 కిలోలది కాస్తా 26 ఎందుకైందని చాలామందికి అనుమానం. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం, పప్పులు, పిండి 25 కిలోలు లేదా అంతకంటే తక్కువ ఉంటే 5 శాతం జీఎస్టీ. 25 దాటితే లేదు. విడిగా తూచి అమ్మినా లేదు. బస్తా 1,400 అనుకుంటే పన్ను 70 రూపాయలు. ఒక కిలో ఎక్కువ పోసి ఆ 70 తప్పించారు. పెద్ద బస్తాలో చిన్న ప్యాకెట్లు పెడితే మాత్రం లెక్కకొచ్చేది లోపలి ప్యాకెట్టే.

పన్ను లేకపోవడం మిల్లుకు ఎప్పుడూ మంచిదేనా? అదీ అంత సూటిగా లేదు. అదే 2022 జూలైలో మిల్లు మిషన్ల మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. 20 లక్షల మిషన్లకు 18 శాతమంటే 3 లక్షల 60 వేలు. అమ్మే సరుకు మీద పన్ను ఉంటే, కొన్నప్పుడు కట్టిన ఈ మొత్తాన్ని అందులో సర్దుకోవచ్చు. సరుకంతా పన్ను లేకుండా అమ్మేవాడికి ఆ వెసులుబాటు లేదు, ఆ 3 లక్షల 60 వేలు నేరుగా ఖర్చులోకి పోతాయి. ప్యాకెట్లు అమ్మేవాడికి పన్ను భారమూ ఉంది, ఈ సర్దుబాటూ ఉంది.

మిగతా కాగితాల్లో ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో అవుతుంది. ఆహార భద్రత లైసెన్సు, తూనికలు కొలతల శాఖ అడిగే లేబులు వివరాలు, మార్కెట్ కమిటీ లైసెన్సు మామూలు వ్యవహారాలే. ఉప్పుడు బియ్యం మిల్లుకు మాత్రం నానబెట్టిన నీళ్లు, బాయిలరు పొగ ఉంటాయి కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి దగ్గర పని ఎక్కువ.

ఢిల్లీలో ఉత్తర్వు, పొదిలిలో ధర

పప్పుల ధర మన పంటతోనే తేలదు. మయన్మార్, మొజాంబిక్, టాంజానియా, మలావీల నుంచి కందులు దిగుమతి అవుతాయి. సుంకం ఎత్తేస్తే ఇక్కడ గోడౌనులో ఉన్న సరుకు విలువ తగ్గుతుంది. ధరలు పెరిగినప్పుడు నిల్వ పరిమితులు వస్తాయి. 2023 జూన్‌లో కందులు, మినుముల మీద, 2024 జూన్‌లో కందులు, శనగల మీద కేంద్రం ఇలాంటి పరిమితులు పెట్టింది. అప్పుడు మిల్లరు నిల్వ పెట్టుకోగలిగింది గత మూడు నెలల ఉత్పత్తి, లేదా ఏడాది సామర్థ్యంలో 25 శాతం, ఏది ఎక్కువైతే అది.

రోజుకు 2 టన్నులు ఆడించే చిన్న మిల్లు ఏడాదికి 300 రోజులు నడిస్తే సామర్థ్యం 600 టన్నులు. 25 శాతమంటే 150 టన్నులు, మూడు నెలల సరుకు. కందులు చేతికొచ్చేది జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో, మిల్లు నడవాల్సింది ఏడాదంతా. అప్పుడే అంతా కొనిపెట్టుకుందామంటే, ఇలాంటి పరిమితి ఉన్న ఏడాది అది అడ్డం వస్తుంది, తర్వాత కొందామంటే ధర పెరగొచ్చు. వినియోగదారు వైపు నుంచి చూస్తే, నిల్వలు తొక్కిపెట్టి ధర పెంచకుండా ఆపే సాధనం ఇది. మిల్లరు వైపు నుంచి చూస్తే, ఏడాది వ్యాపారాన్ని మూడు నెలల ముక్కలుగా చేయమనడం.

సబ్సిడీ దేనికొస్తుంది, దేనికి రాదు

ఆ 150 టన్నులు కొనడానికి క్వింటాలు 8,000 చొప్పున కోటీ 20 లక్షలు కావాలి. మిషన్ల కోసం తిరిగినంతగా ఈ డబ్బు కోసం ఎవరూ ముందు తిరగరు.

చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టి 2025-26 దాకా పొడిగించిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో సబ్సిడీ 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. 25 లక్షల ప్రాజెక్టుకు సొంత వాటా కనీసం 10 శాతం, రెండున్నర లక్షలు. మిగతా 22.5 లక్షలు బ్యాంకు రుణం. 35 శాతం లెక్కన సబ్సిడీ 8 లక్షల 75 వేలు. అది చేతికిచ్చే డబ్బు కాదు. బ్యాంకులో రుణ ఖాతాకు జతగా ఉండి, మూడేళ్లు మిల్లు నడిచి, కిస్తీలు సక్రమంగా ఉంటే అప్పులో సర్దుబాటవుతుంది. భూమి ధర ఇందులో కలవదు. గింజలు కొనే డబ్బుకూ ఈ సబ్సిడీ వర్తించదు. వ్యవసాయ మౌలిక నిధి కింద 2 కోట్ల దాకా రుణానికి ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, అదీ కట్టడాలకూ మిషన్లకూ ఉద్దేశించిందే.

22.5 లక్షలకు 10 శాతం వడ్డీతో ఏడేళ్ల కిస్తీ నెలకు సుమారు 37 వేలు. మన మిల్లు రోజుకు 20 క్వింటాళ్లు, నెలకు 25 రోజులు ఆడితే, వడ్డీకి ముందు క్వింటాలుకు మిగిలిన 240 లెక్కన నెలకు లక్షా 20 వేలు వస్తుంది. కోటీ 20 లక్షల సరుకంతా 12 శాతం అప్పుతో కొంటే నెల వడ్డీ కూడా లక్షా 20 వేలే. కిస్తీ కట్టే 37 వేలు ఇంకెక్కడినుంచో రావాలి. దిగుబడి 72కి చేరితే నెలకు 95 వేలు అదనం, కిస్తీ పోను 58 వేలు మిగులుతాయి. సరుకు సగటున మూడు నెలలు కాక నెలన్నరే నిలిస్తే వడ్డీ సగమై ఇంకో 60 వేలు మిగులుతాయి. కొంత సొంత సరుకు, కొంత కూలికి ఆడించడం కలిపి నడిపే మిల్లులు నిల్వ తగ్గించుకునేది ఈ 60 వేల కోసమే. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇక్కడ ఒక అనుకూలం ఉంది. సభ్యులే గింజలు తెచ్చి, పప్పు అమ్మాక డబ్బు తీసుకోవడానికి ఒప్పుకుంటే నిల్వ మీద బ్యాంకు వడ్డీ ఉండదు. పంట అప్పు తీర్చాల్సిన రైతు ఆ మూడు నెలలు ఆగగలడా అన్న దగ్గరే చాలా సంఘాలు ఇబ్బంది పడుతుంటాయి.